ఏం పెద్దగా తినకపోయినా ఏడాదికో కిలో ఎలా పెరుగుతున్నా? ఒబేసిటీ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

నైట్‌షిఫ్ట్_నాని:

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, నెలలో పది కిలోలు తగ్గించే డైట్ చార్ట్ కోసం రాలేదు, అవి ఫోన్ నిండా ఉన్నాయి, ఒకడు పొద్దున్నే బాగా తినమంటాడు, ఇంకొకడు పొద్దున అసలు ముట్టుకోవద్దంటాడు. అసలు ఒంట్లో ఏం జరుగుతుందో అర్థం చేసుకుందామని అడుగుతున్నా.

నాకు 36, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 79. ఉద్యోగంలో చేరినప్పుడు 66 ఉండేవాణ్ణి, ఇప్పటికి 12 ఏళ్ళయింది. ఒక్కసారిగా ఎప్పుడూ పెరగలేదు, ఏ సంవత్సరం చూసుకున్నా ఆ కిలోనే కదా అనుకునేలాగే పెరుగుతూ వచ్చింది. తిండి మారినట్టు నాకైతే అనిపించట్లేదు, మారిందల్లా కుర్చీలో కూర్చునే పని, నెలలో సగం రోజులు నైట్ షిఫ్టు, పొద్దున వచ్చి పడుకుంటే నాలుగైదు గంటలకే మెలకువ. మా నాన్న లావే, అన్నయ్య నాకంటే లావు, కాబట్టి ఇది జీన్స్ అనుకుని వదిలెయ్యాలా లేక నా బద్ధకమేనా అని ఒక డౌట్. ఆఫీసులో హెల్త్ చెకప్‌లో బీఎంఐ 27.3 అని రాసి పక్కన ఓవర్ వెయిట్ అని కొట్టారు, ఆ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలి అని ఇంకో డౌట్. అన్నయ్య ఏమో ఇప్పుడు వారానికో ఇంజెక్షన్ వచ్చింది, అది వేయించుకుంటే ఈ గోలంతా ఉండదు అంటున్నాడు. అన్నిటికంటే ఎక్కువ బెంగ మా పాప గురించి, 9 ఏళ్ళు, ఈ మధ్య బొద్దుగా అవుతోంది, నాలాగే అవుతుందేమో అని భయం, అలాగని దాని కంచంలోంచి తీసెయ్యబుద్ధి కాదు.

తిట్టినా పర్లేదు, కానీ కారణాలతో తిట్టండి.

———

సింపుల్‌బ్రో:

బ్రో ఇంత పెద్ద పోస్ట్ ఎందుకు. తక్కువ తిను, ఎక్కువ కదులు. అంతే. ఫిజిక్స్ ఎవడికీ మారదు.

———

కొలతబద్ద:

నాని గారూ, నేను డైటీషియన్‌ని, రోజూ మీలాంటివాళ్ళనే చూస్తుంటా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ నంబర్. బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది, 79ని 1.7తో, మళ్ళీ 1.7తో, అంటే 27.3 కరెక్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. ఆసియా మూలాలున్నవాళ్ళకి ఇంతకంటే తక్కువ బరువులోనే షుగరు, గుండె సమస్యలు మొదలవుతాయని 2004లో ఆ సంస్థ నిపుణుల కమిటీయే 23, 27.5 దగ్గర కూడా జాగ్రత్తపడమని చెప్పింది. అలా చూస్తే మీరు ఆ రెండో గీత అంచున ఉన్నారు. ఐతే ఈ లెక్క ఎక్కడ పుట్టిందో తెలిస్తే దానికి ఎంత విలువివ్వాలో తెలుస్తుంది. 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త క్వెట్‌లే జనాభా సగటులు కొలవడానికి ఈ సూత్రం రాశాడు, ఆయన డాక్టరు కాదు, లావు ఆయన సమస్యే కాదు. దీనికి బీఎంఐ అని పేరు పెట్టింది 1972లో ఆన్సెల్ కీస్. అంటే వేలమందిని ఒకేసారి చూడ్డానికి బాగా పనికొస్తుంది, ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడుంది అన్నది దానికి తెలీదు. మీకు అసలు ముఖ్యం ఆ చివరిదే. తొడల్లో, పిరుదుల దగ్గర చర్మం కింద చేరే కొవ్వు పెద్దగా అల్లరి చెయ్యదు, పొట్ట లోపల లివరు, పేగుల చుట్టూ చేరేదే బీపీ, షుగరు, ఫ్యాటీ లివరు దాకా తీసుకెళ్తుంది. అందుకని ఒక టేపు తెచ్చి నడుము కొలవండి. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం లోపే ఉండాలి, మీకైతే 85 సెంటీమీటర్లు.

ఇక ఏడాదికో కిలో సంగతి. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి, దాన్ని 365తో భాగిస్తే రోజుకి 21. బిస్కెట్ ముక్క కూడా కాదది. అందుకే మీకు తిండి మారినట్టు అనిపించలేదు, అనిపించదు కూడా, ఏ మనిషీ 20 క్యాలరీల తేడా పసిగట్టలేడు. కాకపోతే ఇక్కడో మెలిక ఉంది, చాలామంది ఈ లెక్క దగ్గరే ఆగిపోయి ఐతే రోజుకి 21 తగ్గిస్తే చాలుగా అంటారు. బరువు పెరిగేకొద్దీ ఆ ఒంటిని మోయడానికి అయ్యే ఖర్చూ పెరుగుతుంది, కాబట్టి 79 కిలోల ఒళ్ళు నిలబడాలంటే 66 కిలోలప్పటికంటే రోజుకి సుమారు మూడు వందల క్యాలరీలు ఎక్కువ పడుతుంది. అంటే ఈ 12 ఏళ్ళలో మీ తిండి మెల్లమెల్లగా అంత పెరిగింది, లేదా కదలిక తగ్గింది, లేదా రెండూ. 36 వచ్చాయి కదా మెటబాలిజం పడిపోయింది అని మాత్రం అనకండి ప్లీజ్, రోజుకి పదిమంది అంటారు నాతో. 2021లో 29 దేశాల నుంచి ఆరు వేలమందికి పైగా మనుషుల శక్తి ఖర్చు కొలిచిన పెద్ద పరిశోధన వచ్చింది, ఒంటి సైజునీ కండనీ లెక్కలోంచి తీసేస్తే 20 నుంచి 60 ఏళ్ళ దాకా మెటబాలిజం దాదాపు ఒకేలా ఉంటుందని తేలింది.

మరి ఆ మూడు వందలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? నా అనుభవంలో ఎక్కువసార్లు గ్లాసులోంచి. మూడు రోజులు తిన్నవన్నీ రాసుకుని రమ్మంటా, మొన్న ఒకాయన చాలా నీట్‌గా రాసుకొచ్చారు, టైముతో సహా, ఎన్ని పండు ముక్కలు తిన్నదీ కూడా ఉంది. అంతా చూస్తే పెరగాల్సిన బరువే కాదు. బ్యాగులోంచి నీళ్ళ బాటిల్ తీసుకోబోతుంటే పక్కన సగం తాగిన కూల్ డ్రింక్ సీసా కనిపించింది, ఇది రాయలేదేంటండీ అంటే "అది తిండి కాదు కదా మేడమ్, తాగేది" అన్నారు. అదీ సంగతి. 330 మిల్లీలీటర్ల మామూలు కూల్ డ్రింక్‌లో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 140 క్యాలరీలు, పైగా నమిలి తిన్నదానికి కడుపు నిండినట్టు తాగినదానికి నిండదు, తర్వాత భోజనంలో ఆ మేరకు మనం తగ్గించం. పళ్ళ రసం ఆరోగ్యమని తాగేవాళ్ళదీ ఇదే లెక్క, పండు తింటే పీచూ ఉంటుంది, టైమూ పడుతుంది, రసం చేస్తే నాలుగు పళ్ళు ఒక గుక్కలో పోతాయి. పళ్ళ రసంలో ఉన్న చక్కెరని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మనం కలుపుకునే చక్కెరతో పాటే లెక్కేస్తుంది, రోజు మొత్తం క్యాలరీల్లో ఇదంతా కలిపి పది శాతం లోపు, వీలైతే ఐదు శాతం లోపు ఉండమంటుంది. 2,000 క్యాలరీలు తినే మనిషికి ఐదు శాతం అంటే 25 గ్రాములు, ఒక్క సీసాతోనే అయిపోయి ఇంకా ఎక్కువవుతుంది.

జీన్సా బద్ధకమా అన్నారు కదా, దాని గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు, వాళ్ళు రాయకపోతే మళ్ళీ వస్తా. డ్యూటీ టైమైంది.

———

ల్యాబ్‌కోటు:

సింపుల్‌బ్రో గారికి. మీరన్నది తప్పని ఎవరూ అనరు, కానీ జేబులో డబ్బులెందుకు అయిపోయాయిరా అంటే వచ్చినదానికంటే ఖర్చెక్కువైంది అని చెప్పినట్టుంది, నిజమే, ఎందుకైంది అన్నది చెప్పలేదు.

ఆకలి అనేది మనం కూర్చుని తీసుకునే నిర్ణయం కాదండీ. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్ కనిపెట్టింది, అది కొవ్వు కణాల్లోనే తయారై మెదడుకి నిల్వ ఎంతుందో చెప్తుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కడుపులో తయారయ్యే గ్రెలిన్ కనిపెట్టారు, అది ఆకలి పుట్టిస్తుంది. బరువు తగ్గగానే మొదటిది పడిపోతుంది రెండోది లేస్తుంది, అంటే పొట్ట మాడ్చుకుని తగ్గినవాడికి మామూలు మనిషికంటే ఎక్కువ ఆకలేస్తుంది, దానికితోడు ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించారు, చాలామందికి బరువు మళ్ళీ వచ్చేసింది, ఐనా వాళ్ళ ఒళ్ళు ఆ సైజుకి ఖర్చుపెట్టాల్సినదానికంటే రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువ ఖర్చుపెడుతోంది. ఇలాంటి మనిషిని పట్టుకుని విల్ పవర్ లేదంటే ఏం చెప్తాం.

జీన్స్ విషయం, కవలల మీద చేసిన పరిశోధనల్లో మనుషుల మధ్య బరువు తేడాల్లో 40 నుంచి 70 శాతం వరకు వంశపారంపర్యమే అని తేలింది. ఈ ముక్క విని నాని గారు నిట్టూర్చక్కర్లేదు. 1990 తర్వాత ప్రపంచంలో పెద్దల్లో ఊబకాయం రెట్టింపుకంటే ఎక్కువైంది, 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో నాలుగు రెట్లయింది, ముప్ఫై ఏళ్ళలో మనుషుల జీన్స్ మారిపోవు కదా. 2022 నాటికి ప్రతి ఎనిమిదిమందిలో ఒకరికి ఊబకాయం ఉంది. ఎనిమిదిలో ఒకడు ఒక్కసారిగా బద్ధకస్తుడైపోయాడా? మారింది చుట్టూ ఉన్న తిండి, పని, నిద్ర. ఆ మార్పు ఎవరికి ఎక్కువ తగులుతుందన్నది మాత్రం జీన్స్ మీద ఉంటుంది, మీ నాన్నగారి సంగతి అక్కడ పనికొస్తుంది, మీరు ముందు నుంచే జాగ్రత్తపడాల్సిన మనిషి అని.

చుట్టూ ఉన్న తిండి అంటే ఏంటో చూపించే పరిశోధన ఒకటి చెప్పి ఆపేస్తా, నాకు చాలా ఇష్టమైనది. 2019లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టాడు. పెట్టిన రెండిట్లోనూ క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానం, ఎంత కావాలంటే అంత తినండి అన్నాడు. ప్యాకెట్ తిండి వారాల్లో వాళ్ళు రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, కిలోకి దగ్గరగా పెరిగారు, రెండోదాంట్లో అంతే తగ్గారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు, తగ్గమనలేదు, పెరగమనలేదు. అదే మనుషులు, అదే విల్ పవర్.

———

సింపుల్‌బ్రో:

ఓకే ఆ 500 సంగతి నాకు తెలీదు. కానీ అన్నిటికీ హార్మోన్లు, కంపెనీలు అంటూ పోతే ఇక మనిషి చేతిలో ఏం లేనట్టేనా? నేను రోజూ జిమ్‌కి వెళ్తా, ఎవడూ నన్ను మోసుకెళ్ళడు.

———

మెట్లెక్కేవాడు:

మీ ఇద్దరి మధ్యలో దూరుతున్నా. చాలా కిలోలు తగ్గి కొన్నేళ్ళుగా అక్కడే ఉన్నవాణ్ణి, డాక్టర్ని కాదు. బాధ్యత మనదే, కానీ అది ఏ టైములో వాడాలన్నది చూసుకోవాలి బ్రో. రాత్రి 11 గంటలకి ఆకలేసి, అలసిపోయి, ఎదురుగా చిప్స్ ప్యాకెట్ ఉంటే నేను ఓడిపోతా, ఇప్పటికీ ఓడిపోతా. షాపులో కడుపు నిండి ఉన్నప్పుడు ఆ ప్యాకెట్ బుట్టలో వేసుకోకుండా ఉండటం నాకు చాలా ఈజీ. కాబట్టి నా విల్ పవర్ అంతా వారానికోసారి షాపులో ఖర్చుపెట్టేస్తా, ఇంట్లో దాని అవసరం రానివ్వను. బల్ల మీద కనబడేలా పళ్ళు, కనబడకుండా పై అరలో మిగతావి. టీవీ ముందు తినడం లేదు, పెద్ద ప్యాకెట్‌లోంచి నేరుగా తినడం లేదు, చిన్న గిన్నెలో వేసుకుని ప్యాకెట్ మడిచి లోపల పెట్టి వస్తా. ఆ ప్యాకెట్ వెనకాల చూశారా ఎప్పుడైనా, ఒక సర్వింగ్‌కి 160 క్యాలరీలు అని ఉంటుంది, బానే ఉందే అనుకుంటాం, కింద చిన్న అక్షరాల్లో సర్వింగ్ అంటే 30 గ్రాములు, ప్యాకెట్‌లో ఉన్నది 90. ఒక్కడే కూర్చుని తినే ప్యాకెట్‌లో ముగ్గురి లెక్క.

జిమ్ గురించి బ్రోకి ఒక మాట, మానొద్దు, కానీ తగ్గడానికి అదొక్కటే అనుకుంటే కష్టం. 70 కిలోల మనిషి గంటసేపు మామూలు వేగంతో నడిస్తే 240 క్యాలరీల చుట్టుపక్కల ఖర్చవుతుంది, ఆ తర్వాత "ఇంత నడిచాను కదా" అని తినే ఒక స్వీటు దాన్ని ఐదు నిమిషాల్లో మింగేస్తుంది. నడక అసలు విలువ తగ్గిన బరువు మళ్ళీ రాకుండా నిలబెట్టడంలో ఉంది. బాగా తగ్గి, మళ్ళీ పెరగకుండా ఉన్నవాళ్ళ వివరాలు అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్ట్రీలో రాస్తున్నారు, వాళ్ళలో ఎక్కువమంది రోజుకి గంటకి దగ్గరగా ఏదో ఒకటి చేస్తారు, మెయిన్‌గా నడక, వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. నేనూ వారానికోసారే చూస్తా, రోజూ చూస్తే నీళ్ళ తేడాకే కిలో అటూఇటూ ఆడుతుంది, అనవసరంగా మూడ్ పాడవడం తప్ప ఏం లేదు. మామూలు ఆరోగ్యానికైతే వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా, ప్లస్ రెండు రోజులు బరువులెత్తడం లాంటి కండ పని చేయమంటారు, నాని గారు సున్నా నుంచి మొదలెడితే రోజూ పది నిమిషాలు చాలు, జిమ్ ఫీజు కట్టక్కర్లేదు.

———

ఇద్దరుపిల్లలఅమ్మ:

నాని అన్నా, పాప విషయం మాత్రం నన్ను చెప్పనివ్వు, ఇదంతా మా ఇంట్లో అయింది.

మా పెద్దది కూడా అదే వయసులో బొద్దుగా అయింది. ఇంట్లో బిస్కెట్లు, చాక్లెట్లు బంద్ అన్నాం, దానికి మాత్రమే, తమ్ముడికి పెడుతూనే ఉన్నాం, వాడు సన్నగా ఉంటాడు కదా అని. ఒకరోజు పక్క దులుపుతుంటే దిండు గలీబులోంచి రేపర్లు రాలాయి, చక్కగా మడిచి పెట్టుకుంది, చప్పుడు రాకుండా. నాకు కోపం కూడా రాలేదన్నా, తొమ్మిదేళ్ళ పిల్ల తిండిని దొంగతనం అనుకుంటోందే అని కడుపులో దేవేసింది. పిల్లల డాక్టర్ దగ్గరికెళ్తే ఆవిడ ముందు చెప్పింది, పెద్దవాళ్ళ 25, 30 లెక్కలు పిల్లలకి పనికిరావు, వయసుని బట్టి, ఆడా మగా బట్టి గ్రోత్ చార్ట్ ఉంటుంది, ఒక్క రోజు నంబర్ కాదు, పోయిన రెండేళ్ళలో గీత ఎటు పోతోందన్నది చూడాలి అని. మొత్తం గీత చూసి, ఈ పిల్ల బరువు తగ్గక్కర్లేదు, ఇప్పుడున్న బరువు దగ్గర కొన్నాళ్ళు నిలబడితే ఎత్తు పెరిగి అదే సర్దుకుంటుంది అంది. డైట్ అనే మాట పాప ముందు అనొద్దంది, లావు అనే మాట అసలే వద్దంది, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు అన్నా సరే మాట మార్చమంది. లావని ఏడిపిస్తే పిల్లలు సన్నబడరు, ఇంకా ఎక్కువ తింటారు, ఆటలకి రావడం మానేస్తారు, ఇది నేను కళ్ళారా చూశా.

మేం మార్చింది ఇంటి మొత్తానికి. ఏం వండాలి, ఎప్పుడు తినాలి అన్నది మా ఇష్టం, ఎంత తినాలన్నది పిల్లల ఇష్టం. కంచం ఖాళీ చెయ్ అనడం మానేశాం, చాలు అంటే చాలు. మార్కులొచ్చాయి చాక్లెట్, ఏడుపు ఆపితే ఐస్‌క్రీమ్ ఇవన్నీ ఆపేశాం, దీనికి మా ఆయనకి నాకంటే టైం పట్టింది, జేబులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది ఆయనకి. స్వీట్లు ఇంట్లో అస్సలు లేకుండా చేయలేదు, అప్పుడప్పుడు అందరం కలిసి కూర్చుని తింటాం, దాచుకోవాల్సిన అవసరం లేకుండా. తినేటప్పుడు ఫోన్ లేదు, మాక్కూడా లేదు, ఇదే అన్నిటికంటే కష్టమైంది నిజం చెప్పాలంటే. నిద్ర, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటలు కావాలట, మాది ఎనిమిది కూడా పడుకునేది కాదు, ట్యాబ్ బెడ్‌రూమ్‌లోంచి హాల్లోకి మార్చాక అదే దారిలో పడింది. రోజుకి గంట ఒళ్ళు కదలాలి అన్నారు, వ్యాయామం అంటే అది పారిపోతుంది, స్కిప్పింగ్, సైకిల్, దాగుడుమూతలు అంటే రాత్రి దాకా రాదు.

పాప కంచంలోంచి నువ్వేమీ తీయొద్దు అన్నా. నీ కంచం మార్చు, అది చూస్తూ ఉంటుంది.

———

మాత్రల_మాస్టారు:

ఫార్మసిస్ట్‌ని. ఇంజెక్షన్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా.

అవి భోజనం చేశాక పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌లా పనిచేస్తాయి, ఆకలి తగ్గిస్తాయి, కడుపు ఖాళీ అవడం నెమ్మది చేస్తాయి. మంచి మందులే, ఎగతాళి చేయాల్సిన పనిలేదు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద 2021లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 68 వారాలకి సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. అదే మందు ఆపేసినవాళ్ళకి ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది, అంటే బీపీ మాత్రలాగా వాడుతూ ఉండాల్సిందే, నాలుగు నెలల కోర్సు కాదు. వికారం, వాంతులు, మలబద్ధకం చాలామందికి ఉంటాయి, తగ్గేదాంట్లో కండ కూడా కొంత పోతుంది. మామూలుగా 30 దాటినవాళ్ళకి, లేదా 27 దాటి దానితోపాటు బీపీ షుగరు లాంటివి ఉన్నవాళ్ళకి డాక్టర్ చూసి రాస్తారు. అన్నయ్యకి అవసరం ఉండొచ్చు, నాని గారికి ముందు టెస్టులు చూడాలి. ఎక్కడో ఆన్‌లైన్‌లో కొని సొంతంగా పొడుచుకోవడం మాత్రం వద్దు, నకిలీవి తిరుగుతున్నాయి.

ఇంకోటి, ఇప్పటికే వాడుతున్న మందులు ఒకసారి చూసుకోండి. స్టెరాయిడ్ మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, ఇవి బరువు పెంచుతాయి. పెంచుతున్నాయని మీకు మీరే ఆపకండి, వేరే మందు ఉందేమో డాక్టర్ని అడగండి. థైరాయిడ్ తక్కువైతే కూడా పెరుగుతుంది కానీ జనం అనుకున్నంత కాదు, మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం నీరు, ఉప్పు. నెలల్లోనే ఉన్నట్టుండి పెరిగితే మాత్రం ఇంట్లో లెక్కలేసుకుంటూ కూర్చోకుండా చూపించుకోవాలి.

———

నైట్‌షిఫ్ట్_నాని:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. చెల్లెమ్మా, ఆ దిండు గలీబు ముక్క చదివి వెళ్ళి పాప పక్కన కాసేపు కూర్చున్నా. ఇంటికొచ్చినవాళ్ళు బుగ్గలు గిల్లి అనే మాటలకి నేనే నవ్వుతూ ఊరుకునేవాణ్ణి, ఇక ఊరుకోను.

కొలతబద్ద గారూ, నడుము కొలిచా, 96 వచ్చింది, కానీ నేను వేసుకునే ప్యాంటు సైజు 34, అంటే 86 కదా, ఏది నమ్మాలి? ఎక్కడ పెట్టి కొలవాలో నాకు సరిగ్గా తెలీదు, బొడ్డు దగ్గర పెట్టి కొలిచా. తాగేవి రాసి చూశా, డ్యూటీలో టీలు, అర్ధరాత్రి ఎనర్జీ డ్రింకు, మధ్యలో జ్యూసు, మీరన్న మూడు వందలు అక్కడే ఉన్నాయి, దాటే ఉన్నాయి. నైట్ షిఫ్ట్ మాత్రం మానలేను, దానికేమైనా మార్గం ఉందా?

———

కొలతబద్ద:

96నే నమ్మండి. ప్యాంటు పొట్ట కింద ఆగుతుంది, పొట్టని కొలవదు, పైగా కుట్టేవాళ్ళు సైజు మీద రాసిన దానికంటే వదులుగా కుడతారు. కొలిచేటప్పుడు చివరి పక్కటెముక అడుగు, తుంటి ఎముక పై అంచు వేలితో వెతుక్కుని ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టండి, చర్మం మీదే, బనీను మీద కాదు. టేపు నేలకి సమాంతరంగా, ఒంటికి ఆనుకోవాలి కానీ నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలి, వదిలిన చివర్లో చదవండి, పొట్ట లోపలికి పీల్చొద్దు, అందరూ పీలుస్తారు. అలా కొలిస్తే ఒకటి రెండు అటూఇటూ మారొచ్చు, 85కి మాత్రం రాదు. అందుకని బీపీ, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పేది), కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు ఒకసారి చేయించండి. భయపెట్టడానికి కాదు. 2002లో అమెరికాలో షుగరు వచ్చే దారిలో ఉన్నవాళ్ళ మీద పెద్ద ట్రయల్ చేశారు, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక ఇవే టార్గెట్, మూడేళ్ళ లోపే షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతం అంటే ఐదున్నర కిలోలు. 66కి వెనక్కి వెళ్ళాలని కూర్చోకండి, ముందు ఈ సంవత్సరం ఆ కిలో పెరగకుండా ఆపండి, తర్వాత ఆ ఐదున్నర చూద్దాం.

నైట్ షిఫ్ట్‌కి, పెద్ద భోజనం డ్యూటీకి బయల్దేరేముందు కానిచ్చెయ్యండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఒంటికి అది నిద్ర టైమే, మీరు మెలకువగా ఉన్నా సరే, అప్పుడు తిన్న చక్కెరని పగలు సర్దినట్టు సర్దలేదు. మధ్యలో ఆకలేస్తే ఇంటి నుంచి తీసుకెళ్ళిన గుడ్డో, గుప్పెడు పప్పులో, పండో, చిన్నది. ఎనర్జీ డ్రింకు స్థానంలో చక్కెర లేని టీ, అది కూడా డ్యూటీ మొదటి సగంలోనే, చివర్లో తాగితే పొద్దున నిద్ర పట్టదు. మీ అసలు దెబ్బ ఆ నిద్ర దగ్గరే ఉందని నా అనుమానం. 2022లో తక్కువ నిద్రపోయే, బరువెక్కువున్న పెద్దవాళ్ళకి కేవలం నిద్ర ఇంకో గంటా పది నిమిషాల దాకా పెంచి చూశారు, డైట్ ఏమీ చెప్పకుండానే రోజుకి సుమారు 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. మందపాటి కర్టెన్ వేయండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి, పొద్దున పదింటి ఫోన్లు తర్వాత చేయమని చెప్పండి. రిపోర్టులొచ్చాక నంబర్లు ఇక్కడే పెట్టండి, చూస్తా.

———

సింపుల్‌బ్రో:

నా ప్యాంటూ 34నే. టేపు ఎక్కడ దొరుకుతుంది, టైలర్ టేపు సరిపోతుందా?

———

కొలతబద్ద:

సరిపోతుంది. సాగిపోయిన పాత బట్ట టేపు ఐతే వద్దు, స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి.